ఎముకల ఫ్లోరోసిస్

ఎముకల ఫ్లోరోసిస్ అనునది త్రాగునీటి ద్వారా ఫ్లోరైడు చాలా సంవత్సరాల పాటు మోతాదు మించి శరీరంలో చేరడం వలన ఎముకలకు, కీళ్ళకు కలిగే వ్యాధి. నడుము, మెడ, తుంటి, మోకాళ్ళలో నొప్పితో మొదలై, క్రమంగా వెన్నెముక బిగుసుకుపోవడం, గూని ఏర్పడడం, చివరకు కాళ్ళు చచ్చుబడడం వరకు ఇది దారి తీయవచ్చు. ఇది అంటువ్యాధి కాదు, వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు. అయితే ఒక ఊరిలో అందరూ ఒకే బావి నీరు త్రాగుతారు కాబట్టి ఊరంతటికీ కలిసి వస్తుంది. భారతదేశంలో ఈ వ్యాధిని మొదట శాస్త్రీయంగా గుర్తించినది తెలుగు నేలపైనే. ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రకాశం, పల్నాడు, నెల్లూరు, అనంతపురం జిల్లాలలోను, తెలంగాణలో నల్గొండ జిల్లాలోను ఈ సమస్య ఉన్న ప్రాంతాలు ఉన్నాయి.

పల్నాడు ప్రాంతం

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న పూర్వపు గుంటూరు జిల్లా నుండి ఏర్పడినది. జిల్లా కేంద్రం నరసరావుపేట. ఈపూరు, వినుకొండ, బొల్లాపల్లి, నూజెండ్ల, శావల్యాపురం మండలాలు వినుకొండ శాసనసభ నియోజకవర్గంలో ఉన్నాయి. ఈ మెట్ట ప్రాంతంలోను, దానికి ఆనుకొని ఉన్న ప్రకాశం జిల్లా పల్లెలలోను భూగర్భజలంలో ఫ్లోరైడు సమస్య చాలాకాలంగా ఉన్నది.

పల్నాడు నీటి ఎద్దడికి పేరుపడ్డ సీమ. ఇక్కడి నీటి కరువును, జొన్నకూడును గురించి శ్రీనాథుడు చెప్పాడనే చాటు పద్యాలు నేటికీ ప్రచారంలో ఉన్నాయి. నాగార్జునసాగర్ నుండి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైన తరువాత కుడి కాలువ (జవహర్ కాలువ) క్రింది భూముల రూపురేఖలు మారాయి. కానీ కాలువ మట్టం కంటే ఎత్తున ఉన్న బొల్లాపల్లి, వెల్దుర్తి వంటి మండలాల పల్లెలకు ఆ నీరు అందలేదు. అక్కడ త్రాగడానికి, సాగుకు బోరు బావులే ఆధారమయ్యాయి.

నీటిలోకి ఫ్లోరైడు ఎలా వస్తుంది

ఫ్లోరైడు నీటిలోకి ఫ్యాక్టరీల నుండి వచ్చే కాలుష్యం అని చాలామంది అనుకుంటారు. ఈ ప్రాంతంలో అది రాళ్ళ నుండి వస్తుంది. గ్రానైటు, నైస్ వంటి పురాతన శిలలలో ఫ్లోరైటు, అపటైటు, బయోటైటు అనే ఖనిజాలు ఉంటాయి. భూమిలోకి ఇంకిన నీరు ఈ శిలల పగుళ్ళలో ఎక్కువ కాలం నిలువ ఉన్నప్పుడు వాటిలోని ఫ్లోరైడు కొద్దికొద్దిగా కరుగుతుంది. వినుకొండ పరిసరాలలోని నేల ప్రధానంగా ఈ రకం శిలలతో కూడినది.

ఇక్కడ కాల్షియం పాత్ర ముఖ్యమైనది. కాల్షియం ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడు దానితో కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడుగా విడిపోతుంది. కాబట్టి నీటిలో ఫ్లోరైడు మిగలదు. కాల్షియం తక్కువగా ఉండి, సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న క్షార జలంలో ఫ్లోరైడు కరిగి నిలిచిపోతుంది. అందువలన సబ్బు చక్కగా నురగ వచ్చే, నోటికి మెత్తగా తగిలే "మంచి" నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చు. రుచిని, రంగును, వాసనను బట్టి ఫ్లోరైడును పసిగట్టడం అసాధ్యం.

పల్నాడు ఉత్తర భాగమైన పిడుగురాళ్ళ, గురజాల, మాచర్ల వైపు సున్నపురాయి విస్తారంగా ఉంది. దక్షిణాన వినుకొండ వైపు గ్రానైటు ఉంది. నేల మారితే నీరు మారుతుంది. ఒకే ఊరిలో కూడా ఒక బోరులో ఫ్లోరైడు పరిమితికి లోబడి ఉండి, నూరు గజాల దూరంలోని మరొక బోరులో దానికి రెండు మూడు రెట్లు ఉండవచ్చు. అందుచేత ఊరికి ఒక పరీక్ష చాలదు, ప్రతి బోరునూ విడిగా పరీక్షించవలసి ఉంటుంది. వర్షాలు తగ్గి, బోర్లు మరింత లోతుకు వెళ్ళిన కొద్దీ శిలలలో ఎక్కువకాలం నిలువ ఉన్న నీరు పైకి వస్తుంది. అప్పుడు ఒకప్పుడు బాగున్న బోరులో కూడా ఫ్లోరైడు పెరగవచ్చు.

ఎంత ఉంటే ప్రమాదం

భారతీయ ప్రమాణాల సంస్థ 2012 నాటి త్రాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి కూడా 1.5 మిల్లీగ్రాములే. ఈ పరిమితి దాటితే పిల్లల పళ్ళపై మచ్చలు వచ్చే అవకాశం పెరుగుతుంది. లీటరుకు 3 నుండి 6 మిల్లీగ్రాములు ఉన్న నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకల ఫ్లోరోసిస్ రావచ్చు. 10 మిల్లీగ్రాములు దాటితే మనిషిని వికలాంగుని చేసే దశ వరకు పోవచ్చు.

అయితే శరీరానికి లెక్క నీటిలోని సాంద్రత కాదు, రోజు మొత్తంలో లోపలికి చేరిన ఫ్లోరైడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమీక్ష ప్రకారం ఇది రోజుకు 6 మిల్లీగ్రాములు దాటినప్పుడు ఎముకలకు ప్రమాదం పెరుగుతుందనడానికి సూచనలు ఉన్నాయి. 14 మిల్లీగ్రాముల వద్ద ఆ ప్రమాదం స్పష్టంగా కనిపిస్తుంది. ఉదాహరణకు, లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీటిని ఇంటిపట్టున ఉండే వ్యక్తి రోజుకు 2 లీటర్లు త్రాగితే 4 మిల్లీగ్రాములు చేరుతుంది. అదే నీటిని ఎండాకాలంలో మిరప కోతకు వెళ్ళిన కూలీ 5 లీటర్లు త్రాగితే 10 మిల్లీగ్రాములు చేరుతుంది. అన్నం, పప్పు వండిన నీరు, టీ దీనికి అదనం. చల్లని దేశాలలో హాని చేయని నీరు మన ఎండలలో హాని చేయడానికి కారణం ఇదే. ఒకే ఇంటిలో కష్టం చేసేవారికే నొప్పులు ముందుగా రావడానికి కూడా ఇది ఒక కారణం.

శరీరంలో జరిగే మార్పులు

త్రాగిన ఫ్లోరైడు జీర్ణాశయం, ప్రేగుల నుండి త్వరగా రక్తంలోకి చేరుతుంది. పెద్దలలో దాదాపు సగం మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. మిగిలినది ఎముకలలోను, పళ్ళలోను నిలువ ఉంటుంది. శరీరంలో ఉన్న ఫ్లోరైడులో సుమారు 99 శాతం ఈ గట్టి కణజాలాలలోనే ఉంటుంది. ఎదిగే పిల్లల ఎముకలు పెద్దల ఎముకల కంటే ఎక్కువ ఫ్లోరైడును పట్టి ఉంచుకుంటాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో విసర్జన తగ్గుతుంది కాబట్టి తక్కువ ఫ్లోరైడు ఉన్న నీరు కూడా వారికి హాని చేయవచ్చు.

ఎముకకు గట్టిదనాన్ని ఇచ్చేది హైడ్రాక్సీ అపటైటు అనే కాల్షియం ఖనిజం. ఫ్లోరైడు ఇందులోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమించి దానిని ఫ్లోర్ అపటైటుగా మారుస్తుంది. ఎముకను తయారుచేసే కణాలను కూడా ఫ్లోరైడు రెచ్చగొడుతుంది. ఫలితంగా ఎముక మందమవుతుంది, ఎక్స్‌రేలో సాధారణం కంటే తెల్లగా కనబడుతుంది. కానీ ఇలా పెరిగిన ఎముక నాణ్యమైనది కాదు, పెళుసుగా ఉంటుంది. మరొకవైపు కీళ్ళను పట్టి ఉంచే సంధి బంధనాలలో, కండరాలు ఎముకకు అతుక్కునే చోట కాల్షియం పేరుకొని అవి కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్నుపూసలు ఒకదానితో ఒకటి అతుక్కొని వెన్నెముక మొత్తం కర్రలాగా బిగుస్తుంది.

వెన్నుపాము పోయే మార్గం ఇరుకైనప్పుడు వెన్నుపాము, నరాల మూలాలు నలుగుతాయి. వాటికి రక్తం అందించే సన్నని నాళాలపై కూడా ఒత్తిడి పడుతుంది. ఈ దశలో కాళ్ళలో తిమ్మిరి, బలహీనత, నడకలో బిగుతు, మలమూత్రాలపై అదుపు తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తాయి.

లక్షణాలు

పళ్ళు: పిల్లలలో శాశ్వత దంతాల పింగాణి పొర తయారయ్యే కాలంలో, అనగా సుమారు ఎనిమిదేళ్ళ వయసు లోపల, ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళపై సుద్దలాంటి తెల్లని చారలు, తరువాత పసుపు, గోధుమ రంగు అడ్డ చారలు ఏర్పడతాయి. ఇవి పంటి లోపల ఏర్పడినవి కాబట్టి ఎంత తోమినా పోవు. పెద్దయిన తరువాత ఫ్లోరైడు నీటి ఊరికి వచ్చినవారికి ఈ మచ్చలు రావు, కానీ ఎముకల వ్యాధి రావచ్చు. ఒక బడిలోని పిల్లల పళ్ళను చూసి ఆ ఊరి నీటిని గురించి చాలావరకు అంచనా వేయవచ్చు.

ఎముకలు: తొలిదశలో నడుము, మెడ, తుంటి, మోకాళ్ళు, భుజాలలో నొప్పి, ఉదయం లేచేసరికి బిగుతు ఉంటాయి. ఈ దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. తరువాత మెడ తిప్పలేకపోవడం, క్రింద కూర్చొని లేవలేకపోవడం, ఛాతీ బిగుసుకొని గాలి పూర్తిగా పీల్చలేకపోవడం కలుగుతాయి. చివరి దశలో గూని, కీళ్ళు వంగి అలాగే నిలిచిపోవడం, కాళ్ళు చచ్చుబడడం జరుగుతాయి. ఆహారంలో కాల్షియం తక్కువైన పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం, కాళ్ళు దొడ్డిగా మారడం కూడా కనిపిస్తాయి.

గ్రామాలలో అనుమానితులను గుర్తించడానికి మూడు సులభమైన పరీక్షలు వాడుకలో ఉన్నాయి.

1. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళను ముట్టుకోవడం.
2. గడ్డాన్ని ఛాతీకి ఆనించడం.
3. రెండు చేతులను తల వెనుకకు చేర్చడం.

వీటిలో ఏదైనా నొప్పి వలన చేయలేకపోతే వైద్యపరీక్ష అవసరం. వీటితోనే వ్యాధిని నిర్ధారించరాదు. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉన్న పొర గట్టిపడినట్లు ఎక్స్‌రేలో కనిపించడం ఈ వ్యాధికి బలమైన గుర్తు. దీనితోపాటు త్రాగునీటిలోను, మూత్రంలోను ఫ్లోరైడును కొలుస్తారు.

ఇలాగే ఉండే ఇతర వ్యాధులు

ఫ్లోరైడు ప్రాంతంలో వచ్చే ప్రతి ఎముకల నొప్పీ ఫ్లోరోసిస్ కాదు. "ఇది నీళ్ళ జబ్బు, ఏం చేస్తాం" అని ఊరుకుంటే చికిత్స ఉన్న వ్యాధులు కూడా ముదిరిపోయే ప్రమాదం ఉంది. ముఖ్యంగా ఈ క్రింది వాటిని వేరుచేసి చూడాలి.

* తొడ ఎముక తల కుళ్ళు (అవాస్క్యులర్ నెక్రోసిస్): తొడ ఎముక పైభాగమైన బంతికి రక్తం తీసుకువెళ్ళే నాళాలు చాలా సన్ననివి. అవి మూసుకుపోతే ఆ భాగంలో ఎముక చనిపోతుంది. దీర్ఘకాలం స్టెరాయిడ్ మందులు వాడినవారిలో, మద్యం ఎక్కువగా త్రాగేవారిలో, తుంటికి దెబ్బ తగిలినవారిలో ఇది ఎక్కువ. గజ్జలో నొప్పి, కుంటడం దీని లక్షణాలు. తొలిదశలో ఎక్స్‌రేలో కనబడదు, ఎమ్మారై పరీక్షలో తెలుస్తుంది. త్వరగా గుర్తిస్తే కీలును కాపాడే అవకాశం ఉంటుంది.
* సికిల్ సెల్ వ్యాధి: ఇది పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి. కొడవలి ఆకారానికి మారిన ఎర్ర రక్తకణాలు సన్నని రక్తనాళాలలో చిక్కుకొని ఎముకలలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పిని కలిగిస్తాయి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో ఎక్కువగా కనిపిస్తుంది. దీని నిర్మూలనకు 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలయింది. రక్తపరీక్షతో నిర్ధారిస్తారు.
* ప్రాంతీయ నొప్పి సిండ్రోమ్: చేయి లేదా కాలు విరిగిన తరువాత, శస్త్రచికిత్స తరువాత ఆ అవయవంలో దెబ్బకు మించిన మంట, వాపు ఉంటాయి. అక్కడి సన్నని రక్తనాళాలపై నరాల అదుపు తప్పడం వలన చర్మం రంగు, వేడి మారుతుంటాయి. ఇది ఒక అవయవానికే పరిమితం. ఫ్లోరోసిస్ నొప్పి వెన్నెముకతో సహా పలుచోట్ల ఉంటుంది.
* విటమిన్ డి లోపం: ఇందులోనూ ఒళ్ళంతా ఎముకల నొప్పులు ఉంటాయి, కానీ ఎముక సాంద్రత తగ్గుతుంది. మందులతో నయమవుతుంది. రెండు వ్యాధులూ ఒకే వ్యక్తిలో ఉండవచ్చు.
* యాంకిలోజింగ్ స్పాండిలైటిస్: యువకులలో వెన్నెముక బిగుసుకుపోయే కీళ్ళ వ్యాధి. కటి భాగపు కీళ్ళలో వాపుతో మొదలవుతుంది. దీనికి ప్రత్యేకమైన మందులు ఉన్నాయి.

చరిత్ర

ఈ వ్యాధిని ముందుగా గమనించినది రైతులు. నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో నాగలి దున్నే ఎడ్లు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం 1930 దశకంలో వారి దృష్టికి వచ్చింది. తరువాత అవే లక్షణాలు మనుషులలోనూ కనిపించాయి. మద్రాసులోని గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్, సి.జి.పండిట్, టి.ఎన్.ఎస్.రాఘవాచారి ఈ విషయాన్ని పరిశోధించి, నీటిలోని ఫ్లోరైడే దీనికి కారణమని 1937లో ప్రచురించారు. భారతదేశంలో మనుషులలో ఎముకల ఫ్లోరోసిస్‌ను గురించిన తొలి శాస్త్రీయ వివరణ ఇదే. వారు పరిశీలించిన దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరాయి. ఇవి పల్నాడుకు పొరుగు సీమలు. పండిట్ తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరు అయ్యాడు.

నల్గొండ జిల్లాలోని వ్యాధి గురించి ఎ.హెచ్.సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాలలోని యువకులలో మోకాళ్ళు వంగిపోయే వ్యాధిని లాన్సెట్ పత్రికలో వర్ణించారు. పెద్ద జలాశయం వలన పరిసరాలలో భూగర్భజల మట్టం, నేల రసాయన స్వభావం మారడం దీనికి తోడ్పడి ఉండవచ్చని అప్పట్లో చర్చ జరిగింది. జొన్న ప్రధానాహారంగా తీసుకొనేవారిలో వరి తినేవారికంటే ఫ్లోరైడు ఎక్కువగా శరీరంలో నిలుస్తుందని కూడా ఆ సంస్థ పరిశోధనలలో తేలింది.

నీటిని శుద్ధి చేయు పద్ధతులు

నల్గొండ పద్ధతి: నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఈ పద్ధతికి తెలుగు జిల్లా పేరు ప్రపంచవ్యాప్తంగా స్థిరపడింది. నీటిలో తగు మోతాదులో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి త్రిప్పుతారు. ఏర్పడిన మడ్డి ఫ్లోరైడును తనతో పాటు అడుగుకు తీసుకుపోతుంది. పైన తేరిన నీటిని వాడుకుంటారు. ఖర్చు తక్కువ, విద్యుత్తు లేకుండా బిందెలో కూడా చేసుకోవచ్చు. కానీ నీటిని బట్టి మోతాదు మార్చవలసి రావడం, పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగలడం, మడ్డిని పారవేయడం ఇందులోని ఇబ్బందులు.

యాక్టివేటెడ్ అల్యూమినా: ఈ పదార్థపు గుళికల గుండా నీటిని పంపితే ఫ్లోరైడు వాటికి అంటుకుంటుంది. కొంతకాలానికి గుళికల శక్తి తగ్గుతుంది. వాటిని రసాయనాలతో తిరిగి సిద్ధం చేయకపోతే యంత్రం నడుస్తున్నట్లే ఉండి ఫ్లోరైడు నీటినే ఇస్తుంది.

ఆర్.ఓ. పద్ధతి: గ్రామాలలో ఇరవై లీటర్ల డబ్బాలలో నీరు అమ్మే కేంద్రాలు ఎక్కువగా ఈ పద్ధతినే వాడతాయి. ఫ్లోరైడు బాగా తగ్గుతుంది. అయితే నీటిలో గణనీయమైన భాగం ఎక్కువ లవణాలతో వృథాగా బయటకు పోతుంది. కాల్షియం వంటి ఖనిజాలు కూడా తొలగిపోతాయి.

నీటిని మరిగించడం వలన ఫ్లోరైడు పోదు. ఆవిరి పోయి నీరు తగ్గుతుంది కాబట్టి మిగిలిన నీటిలో ఫ్లోరైడు శాతం పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టర్లు, వడగట్టే గుడ్డ, క్లోరిన్ బిళ్ళలు సూక్ష్మజీవులకు, మురికికి సంబంధించినవే తప్ప ఫ్లోరైడుపై పనిచేయవు. డబ్బా నీటిని త్రాగడానికి మాత్రమే వాడి, వంటకు బోరు నీటిని వాడితే సగం ప్రయోజనం పోతుంది.

చికిత్స, నివారణ

ఎముకలో స్థిరపడిన ఫ్లోరైడును కరిగించి తీసివేసే మందు లేదు. కాబట్టి మొదటి చికిత్స నీటిని మార్చడమే. నీరు మార్చిన తరువాత కొత్తగా ఫ్లోరైడు చేరడం ఆగుతుంది. నిలువ ఉన్నది ఏళ్ళ మీద నెమ్మదిగా కొంత తగ్గుతుంది. తొలిదశలో ఉన్నవారికి నొప్పులు తగ్గే అవకాశం ఉంది. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు వంటి కాల్షియం గల ఆహారం, ఉసిరి, నిమ్మ వంటి విటమిన్ సి గల పదార్థాలు తీసుకోవాలి. కాల్షియం ప్రేగులలోనే ఫ్లోరైడును కొంత పట్టి ఉంచుతుంది. టీ ఆకులో ఫ్లోరైడు సహజంగానే ఎక్కువ కాబట్టి రోజూ పలుమార్లు టీ త్రాగడం తగ్గించాలి. చింతపండు తీసుకున్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడు విసర్జన పెరిగినట్లు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలలో గమనించారు. కానీ చింతపండు చారు మంచి నీటికి ప్రత్యామ్నాయం కాదు.

వంగిన మోకాళ్ళను సరిచేయడానికి, వెన్నుపాముపై ఒత్తిడి తొలగించడానికి శస్త్రచికిత్సలు ఉన్నాయి. కాళ్ళలో బలహీనత మొదలైన వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఆలస్యమైన కొద్దీ తిరిగి నడిచే అవకాశం తగ్గుతుంది.

ప్రభుత్వ కార్యక్రమాలు

కేంద్ర ప్రభుత్వం జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని 2008-09లో ప్రారంభించింది. మొదట ఎంపిక చేసిన జిల్లాలలో నెల్లూరు ఒకటి. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ క్రింద ప్రతి గ్రామంలో కనీసం ఐదుగురు మహిళలకు కిట్లతో నీటిని పరీక్షించడం నేర్పాలని నిర్ణయించారు. ఫ్లోరైడు ఉన్న ఆవాసాలలో శాశ్వత పథకం పూర్తయ్యేవరకు త్రాగడానికి, వంటకు మనిషికి రోజుకు 8 నుండి 10 లీటర్ల శుద్ధి చేసిన నీరు ఇవ్వాలన్నది ఇందులోని మరొక అంశం. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాలను ఇంటింటికీ కుళాయిల ద్వారా చేర్చే పథకం.

పల్నాడులో మెట్ట మండలాలకు కృష్ణా జలాలను ఎత్తిపోయడానికి ఉద్దేశించిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. కృష్ణా నది పల్నాడు అంచునే ప్రవహిస్తున్నది. నదీజలంలో ఫ్లోరైడు సాధారణంగా చాలా తక్కువ. ఆ నీరు మెట్టమీది పల్లెల బిందెలలోకి చేరడమే ఈ వ్యాధికి శాశ్వతమైన నివారణ. అది జరిగేవరకు ఏ బోరు త్రాగడానికి పనికి వస్తుందో పరీక్షించి, పనికిరాని బోరుకు ఎర్రరంగు వేసి గుర్తించడం, బడి, అంగన్‌వాడీ పిల్లలకు ముందుగా మంచి నీరు అందించడం గ్రామ స్థాయిలోనే చేయగలిగిన పనులు. మొదటి ఎనిమిదేళ్ళు మంచి నీరు త్రాగిన పిల్లల పళ్ళపై మచ్చలు రావు. ఆ తరువాత కూడా అదే నీరు అందితే వారి వెన్నెముక వంగదు.

ఇవి కూడా చూడండి

* ఈపూరు మండలం
* పల్నాడు జిల్లా
* నాగార్జునసాగర్
* భూగర్భజలం
* సికిల్ సెల్ వ్యాధి